నడుమెత్తు గట్టు

1976లో మావారు మందమర్రి దగ్గర ఒక గని కాలనీలో ఓవర్సీరుగా ఉండేవారు. అప్పటికి మా పెళ్ళయి ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళలో ఆయన పొయ్యి ముట్టించగా నేను చూడలేదు. అలాంటి మనిషి కార్మికుల క్వార్టర్లకు వంటగది గీశారు.

అంతకుముందు ఆయన పనల్లా పైనుంచి వచ్చిన నక్షాలకు నకళ్ళు తీయడమే. ఇది మాత్రం సొంత బుర్రలోంచి వచ్చింది. ఆడవాళ్ళు నేల మీద కూర్చుని అవస్థ పడుతున్నారని, నిలబడి వండుకోవడానికి గోడ వెంట సిమెంటు గట్టు పెట్టారు. ఎత్తు ముప్పై ఎనిమిది అంగుళాలు. ఎక్కడి లెక్క అని అడిగితే, అద్దం ముందు నిలబడి తన నడుము దగ్గర అరచెయ్యి పెట్టి చూపించారు. ఆయన మనిషి ఆరడుగులు.

మచ్చుకు ఒక వరుస ఇళ్ళు కట్టారు. పెద్ద ఇంజనీరు వచ్చి చూసి సరేనంటే మిగిలిన వరుసలన్నీ అదే నక్షా ప్రకారం. కాదంటే అది చెత్తబుట్టలోకి, మావారు మళ్ళీ నకళ్ళలోకి. ఆ నెలంతా ఆయనకు అన్నం సయించలేదు.

ఇళ్ళలో జనం చేరాక, ఒక సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాగితం పట్టుకుని ఇల్లిల్లూ అడిగి వచ్చారు.

“అందరికందరు మంచిగున్నదన్నరే. ఒక ముసలామె అయితే నాకు దండం పెట్టింది.”

“లోపలికి పోయి చూసిన్రా?”

“ఆడోళ్ళ వంటింట్లకు నేనెట్ల పోతనే?”

“సారు వాకిట్ల నిలబడి అడిగితే బాగలేదని ఎవలు చెప్తరు?”

“నీకు అన్నిట్ల అనుమానమే.”

ఆ అనుమానం తీర్చుకోవడానికి మరునాడు పొద్దున్నే గిన్నె పట్టుకుని, పాలకు తోడు అడిగే నెపంతో ఆ వరుసకు వెళ్ళాను. మొదటి ఇంట్లో గట్టు మీద పసుపు కుంకుమలతో దేవుళ్ళున్నారు. రెండో ఇంట్లో పరుపుచుట్టలున్నాయి. మూడో ఇంట్లో గంపలో కోడి పొదుగుతోంది; నన్ను చూసి పొడవబోయింది. మూడిళ్ళలోనూ వంట కిందే సాగుతోంది.

మూడో ఇంటి ఇల్లాలు నాకంటే చిన్నది, మాటకారి. కాలనీలో అందరికీ ఉన్నట్టే ఆమెకూ పాత ఇనుప బకెట్‌కు లోపల మట్టి మెత్తి చేసిన బొగ్గు పొయ్యి ఉంది. పచ్చి బొగ్గు పొగ ఇంట్లో భరించలేరు కనుక దాన్ని బయట ముట్టించి, నిప్పులు ఎర్రబడ్డాక పిడి పట్టుకుని లోపలికి తెస్తారు. తెచ్చి నేల మీద దించుతారు.

“గట్టు మీద పెట్టవా చెల్లె?”

“గంత ఎత్తుకు నిప్పుల బకెట్ లేపాల్నా అక్కా? కొంగంటుకొని నేను పోతే మా ఆయన ఇంకోదాన్ని తెచ్చుకుంటడు.”

“మరి సారుకు మంచిగున్నదని చెప్పినవట?”

“మంచిగనే ఉన్నది. కోడికి పిల్లి భయం లేదు. అయినా ఇంటిముందటికొచ్చిన మనిషి ముఖం చిన్న చేస్తమా?”

మధ్యాహ్నం మావారికి చెప్పాను. ముద్ద చేతిలోనే ఆగింది.

“నా గట్టు మీద కోడా?”

“పదకొండు గుడ్లు. పొద్దుగాల వచ్చి ఒక్కపారి మీరే చూడున్రి.”

“ఎల్లుండే ఇంజనీరు సాబ్ వస్తుండు. ఇప్పుడు చూసుడేంది!”

తిన్నగా ఆ వరుసకు వెళ్ళి, ఎల్లుండి అందరూ గట్టు మీదే వండాలని హుకుం వేసి వచ్చారు.

చెప్పిన రోజు పొద్దున తొమ్మిదింటికి ఇంజనీరుగారు నేరుగా మూడో ఇంట్లోకే నడిచారు. వెనకాలే మావారు, తలుపు పక్కన నేను. పొయ్యి గట్టు మీద ఉంది. పొయ్యి పక్కన, గట్టు మీదే, ఇల్లాలు బాసిపట్లు వేసుకుని జొన్నరొట్టె కొడుతోంది. తల పైనున్న సామాన్ల అరకు తగలకుండా మెడ ఒక పక్కకు వంచింది. జొన్నరొట్టె నిలబడి కొట్టడం ఆమె ఎన్నడూ ఎరగదు.

“పైన కూసున్నవేందమ్మా?”

“గట్టు మీదనే వండాలన్నడు సారు. వండుతున్న.”

“ఎట్లెక్కినవ్?”

“మా ఆయన ఎత్తి కూసుండవెట్టిండు.”

“దిగుడెట్ల మరి?”

“ఆయన ఫస్టు షిఫ్టుకు పోయిండు సారూ. రెండు గొట్టంగ వస్తడు.”

ఇంజనీరుగారు గోడకు చెయ్యి ఆనించుకుని నవ్వారు. మావారి ముఖం సున్నమైంది. బయటికి వచ్చాక ఇంజనీరుగారు, పదిహేను రోజుల్లో ఇంకో నక్షా ఇవ్వకపోతే గట్టు లేని పాత నక్షానే ఖాయం చేస్తామని చెప్పి జీపెక్కారు.

వారం రోజులు ఆయన కొత్త నక్షాలు గీస్తూ, చింపేస్తూ గడిపారు. తరువాత ఒక తెల్లవారుజామున, మూడో ఇంటాయనకు సెలవున్న రోజు, మాసిన చొక్కాతో నా వెంట ఆ ఇంటికి బయల్దేరారు. ఏమీ అడగకుండా కూర్చుని చూడమన్నాను. పొగకు కళ్ళనీళ్ళు కారుతున్నా పీట మీంచి కదల్లేదు. నిప్పులు ఎర్రబడ్డాక మాత్రం ఉండబట్టలేక తానే బకెట్ ఎత్తి, గడప దగ్గర ఆగిపోయారు. రెండు చేతులకూ బరువు, తలుపు చూస్తే తనవైపుకే తెరుచుకుంటుంది. ఆ తలుపు గీసింది కూడా ఆయనే.

“మేమైతే కాలితోటి గుంజుతం సారూ,” అన్నది ఇల్లాలు.

కొత్త నక్షాలో గట్టు జానెడు ఎత్తుకు దిగింది. తలుపు లోపలికి తెరుచుకుంది. పొయ్యి ముట్టించుకోవడానికి బయట చిన్న అరుగు వచ్చింది. ఇంజనీరుగారు వెంటనే సంతకం చేయలేదు. ముందు ఒక్క ఇల్లు కట్టించి, అదే ఇల్లాలిని పిలిపించి రొట్టెలు చేయమన్నారు. ఆమె బకెట్‌తో తలుపు తోసుకుని వచ్చి, పొయ్యి గట్టు మీద దించి, ముందు పీట వాల్చుకుని కూర్చుంది. రొట్టె పెంక మీద కాలినంతసేపూ మావారు తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డారు. ఇంజనీరుగారు రెండు రొట్టెలు ఉల్లికారంతో తిని, చెయ్యి కడుక్కోకముందే కలం అడిగారు. సంతకం పక్కన ఎర్రటి వేలిముద్ర పడింది. మిగిలిన వరుసలన్నీ ఆ కారపు నక్షా ప్రకారమే కట్టారు.