సుగుణ మేడం కట్టిన నిమ్మళం

మొన్న నల్గొండలో ఒక హోటల్లో టీ తాగుతుంటే స్టీలు పళ్ళేల దొంతర జారి గచ్చు మీద పడింది. ఆ మోత ఆగాక కూడా చెవుల్లో గింగురుమంటూనే ఉంది. సుగుణ మేడం గుర్తొచ్చారు. ఆవిడ చెవులు మూసుకునేవారు కాదు. తలెత్తి, అది ఏ గోడకు తగిలి తిరిగొస్తోందో చూసేవారు.

మేడం ఆర్కిటెక్టు. కట్టంగూర్‌లో కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, చదువుకుని, నల్గొండలో చిన్న ఆఫీసు పెట్టారు. నా మొదటి ఉద్యోగం అక్కడే. తెలంగాణ వచ్చిన కొన్నాళ్ళకు మహబూబ్‌నగర్‌లో ఒక మానసిక దవాఖానకు కొత్త వార్డు కట్టే పని మాకు వచ్చింది. కడగడం సులువని నేను గోడలకు పైదాకా టైల్స్, ఇనుప తలుపులు గీశాను. ఆమె నేను గీసిన నక్షా మడిచి పక్కన పెట్టారు. భోజనాల వేళ నన్ను పాత వార్డుకు తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టారు. గొళ్ళాల చప్పుడు, గిన్నెలు, ఎవరిదో ఏడుపు, నర్సుల పిలుపులు నున్నటి గోడలకు తగిలి ఒకటే హోరు. కాసేపటికే లేవబోయాను. “మనం లేచి పోతం. గీళ్ళు యాడికి పోవాలె?” అన్నారు.

ఆమె తమ్ముడు దానియేలు అలాంటి వార్డుల్లోనే ఉండి వచ్చాడని తర్వాత తెలిసింది. అతనికి అక్కడ లేని మనుషుల గొంతులు వినిపించేవి. చుట్టూ మోత పెరిగితే అవీ పెరిగేవి. పైకప్పుకు మోతను మింగే పలకలు, తలుపుల అంచులకు రబ్బరు పెట్టి మొదటి గది సిద్ధం చేశాక, మేడం అతన్ని తీసుకొచ్చారు. గోడకు ఆనుకుని చాలాసేపు కూర్చున్నాడు. “అక్కా, గీడ జర నిమ్మళంగున్నది. పండుకుంట,” అని నేల మీదే ఒరిగి నిద్రపోయాడు. మేడం అతని చెప్పులు ఒళ్ళో పెట్టుకుని గుమ్మం దగ్గర కూర్చుండిపోయారు. పనివాళ్ళను ఆ పక్కకు రానివ్వలేదు.

వార్డు తెరవకముందే దానియేలు పోయాడు. నార్కట్‌పల్లిలో బస్సు దిగి నిలబడ్డవాడు, లారీ హారన్‌కు బెదిరి రోడ్డుకు అడ్డంగా పరుగెత్తాడట.

సమాధి చేసిన కొద్దిరోజులకే మేడం సైటుకు వచ్చారు. నేరుగా ఆ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నారు. నేను బయటే నిలబడ్డాను. లోపలి నుంచి ఏ చప్పుడూ రాలేదు. తలుపు తీసినప్పుడు చూస్తే ఆమె కళ్ళు వాచి ఉన్నాయి, గొంతు పూర్తిగా బొంగురుపోయింది.

“బయటికేమన్న ఇనవడ్డదా?” అని అడిగారు.

లేదన్నాను.

“అయితే పని మంచిగనే అయింది.”

ఇప్పుడు మేడం లేరు. ఆమె నేర్పిన పనితోనే బతుకుతున్నాను. నక్షా ముందు కూర్చుంటే కొలతలకన్నా ముందు అక్కడ ఉండబోయే మనిషి కళ్ళముందుకొస్తాడు. అతను ఆ గదిని ఓర్చుకోగలడనిపించే దాకా పెన్సిలు కింద పెట్టలేను.