నీళ్లు పోయని డబ్బా

నేను మూడో తరగతితోనే బడి మానేసినదాన్ని. డెబ్బైల ఆఖర్లో నా మనవరాలు ఆళ్లగడ్డ హైస్కూల్లో తొమ్మిదో తరగతి. నంద్యాల నుంచి కొత్తగా సైన్సు టీచరమ్మ వచ్చింది. ఒక సెక్షనుకు నోట్సు చెప్పి రాయించేది. ఇంకో సెక్షను పిల్లలతో వాళ్లే చేసి తెలుసుకునేట్టు చేయించేది. ఆఖర్న అందరికీ ఒకటే పరీక్ష పెట్టి, ఏ చదువు బుర్రకెక్కిందో చూస్తానన్నది ఆమె పట్టుదల. మా పిల్లది చేసి చూసే సెక్షను.

రెండు డబ్బాల్లో మన్ను పోసి, అలసందలు నాటి, కిటికీలో పెట్టింది. ఒకదానికి నీళ్లు పోస్తాది, ఇంకోదానికి పోయదు.

"అవ్వా, వీటిని ముట్టుకోవద్దు."

"గింజలు పాడు చేసేదానికి బడి కావల్లనా?" అన్నాను.

అప్పుడే ఇంట్లో నా చిన్నకొడుకు పెండ్లి. పాలికలని చిన్న మట్టిముంతల్లో నవధాన్యాలు చల్లినాం. అవి మొలవకపోతే సంసారం నిలవదంటారు మావాళ్లల్లో. వాటి పక్కనే మొలవని గింజల డబ్బా! చూసినప్పుడల్లా అపశకునమనిపించేది. పొద్దున్నే పాలికలకు చల్లిన చేత్తోనే దానికీ ఇన్ని నీళ్లు చిలకరించేదాన్ని. పిల్ల బడి నుంచి వచ్చేసరికి పైమన్ను ఎండకు ఆరిపోయేది.

రెండు డబ్బాలూ మొలిచినాయి. కండ్లారా చూసింది గదా, క్లాసులో లేచి "నీళ్లు లేకున్నా మొలుస్తాయి మేడమ్" అని చెప్పింది. "ఏమే, మీ ఇంట్లో అన్నం గూడా పొయ్యి లేకుండానే ఉడుకుతాదా?" అని నోట్సు సెక్షను పిల్లలు ఒకటే నవ్వినారంట.

సాయంత్రం టీచరమ్మ ఇంటికే వచ్చింది. "పెద్దమ్మా, ఈ డబ్బాలో ఎవరన్నా నీళ్లు పోసినారా?"

వసారాలో పెండ్లికూతురి తరపువాళ్లు కూర్చోనుండారు. శకునానికి భయపడినానని వాళ్ల ముందర ఎట్ల చెప్పేది? "మాకేం పనిలేదా తల్లీ" అన్నాను.

"మా అవ్వ అబద్ధం చెప్పదు మేడమ్" అనింది మనవరాలు.

టీచరమ్మ కోప్పడలేదు. "అయితే ఇంకోసారి చేసి చూడు" అనింది, అంతే.

పెండ్లయినాక చేసింది. రోజూ వేలు పెట్టి మన్ను తడి చూసుకునేది. ఎండుడబ్బాలో ఒక్క గింజా మొలవలేదు.

"పోయినసారికీ ఇప్పటికీ ఏం మారిందవ్వా?"

"పెండ్లయిపోయింది" అన్నాను, చెప్పీ చెప్పనట్టు.

కడిగి బోర్లించిన పాలికల దిక్కు చూసింది. నా చేతుల దిక్కు చూసింది. మర్నాడు క్లాసులో, డబ్బాను తానే సరిగా కనిపెట్టుకోలేదని, తప్పు తనదేనని చెప్పిందంట.

పరీక్షలో దాని సెక్షనే మేలనిపించుకుంది. టీచరమ్మ చదువు నిలబడింది. బడి మా వీధి చివరే. పోయి, నీళ్లు పోసింది నేనేనని ఒక్కమాట చెప్పేదానికి నాకు కాళ్లు రాలేదు.