బీరువాలో మా ఊరు

మా ఊరి రేగడి బురదలో ఒకసారి నా చెప్పు ఇరుక్కుంది. ఎంత లాగినా రాలేదు. మరుసటి ఏడు పక్క చేలో శనగ పీకుతుంటే కాయలతో పాటు పైకొచ్చింది, అదీ తెగిపోయిన బొటనవేలి ఉంగటం మళ్లీ అతుక్కుని. ఈ కథ నేను చాలా పెళ్లిళ్లలో చెప్పాను. నమ్మినవాళ్లు తక్కువ, ఇంకోసారి చెప్పమన్నవాళ్లు ఎక్కువ.

కోయిలకుంట్ల వైపు పోయే తారు రోడ్డు దిగితే మా ఊరికి రెండు మైళ్లు నల్లరేగడి. ఎండాకాలం అది దారి, నాలుగు చినుకులు పడితే బంక. తారు వేయిస్తామని ప్రతి ఎలక్షన్‌కూ ఎవరో ఒకరు చెప్పిపోయేవారు. అర్జీలు పెట్టాం. బస్సులకు అడ్డంగా కూర్చున్నాం. చివరికి నాకొక ఉపాయం తట్టింది. ఊరందరి ఆధార్ కార్డులూ మూటగట్టి తహసీల్దారు ఆఫీసులో పారేసి వద్దామన్నాను.

ఇలాంటివి జరిగే తీరు మాకు తెలుసు. మనం మూటతో పోతాం. అధికారి బయటికొచ్చి, వద్దండీ, పైవాళ్లతో మాట్లాడతానండీ అని బతిమాలుతారు. ఫోటో తీస్తారు. మూట వెనక్కి తెచ్చుకుంటాం. తెల్లారి పేపర్లో పడతాం.

పీర్ల చావిడి ముందర అందరం ఒట్టు పెట్టుకున్నాం. రోడ్డు పని మొదలయ్యేదాకా ఎవరూ కార్డు తిరిగి తీసుకోకూడదు. ఒట్టు వేయించిన ఊరి పెద్దాయన తన కార్డే ముందు గోనెసంచిలో వేశాడు. మా అమ్మ కొంగుముడి విప్పి తన కార్డు నా చేతికిస్తూ, "కండ్లు ఎట్లాగూ పోతాండాయి. నా బొమ్మ గూడా తీసకపోతాండావా?" అంది.

"రెండు దినాల్లో తెచ్చిస్తాలేమ్మా," అన్నాను.

ఆఫీసు ముందు మాట్లాడింది నేనే. తెల్లచొక్కా వేసుకుని పోయాను. "ఓట్లప్పుడు మేం ఈ దేశపోళ్లం. రోడ్డు అడిగితే ఎవురమో తెలీదు. మాకీ గుర్తింపు వొద్దు. ఈపొద్దు నుంచి మేం ఏ దేశపోళ్లమూ కాదు!" చప్పట్లు బాగా పడ్డాయి.

తహసీల్దారమ్మ కొత్తగా వచ్చింది, కడప మనిషి. వరండాలో నిలబడి నేను చెప్పిందంతా విన్నది. తర్వాత అటెండరును పిలిచింది. "ఈ మూట బీరువాలో పెట్టి తాళమెయ్యి. ఎలుకలు కొరక్కుండా సూడు." అంతే, లోపలికి వెళ్లిపోయింది. ఎవరిని ఫోటో తీయాలో తెలియక ఫోటోగ్రాఫరు మూట వైపూ నా వైపూ మార్చి మార్చి చూశాడు.

 తిరిగొచ్చే ఆటోలో మా ఊరి అంగడాయన అన్నాడు: "ఏమప్పా, ఆయమ్మ వొద్దు వొద్దు అంటాదని గదా నువ్వు చెప్తివి?"

ఆ తర్వాత నాకు కాలు ఒకచోట నిలిచేది కాదు. చెయ్యి ఊరికే చొక్కా జేబులోకి పోయేది. పోలీసు కనిపిస్తే, నన్నెవరూ ఏమీ అడగకున్నా, పక్క సందులోకి తిరిగేవాణ్ణి. ఒక సాయంత్రం అంగడి టీవీలో క్రికెట్ చూస్తూ, "గెల్చినాం!" అని ఎగిరాను. అంగడాయన పప్పు కట్టడం ఆపి నా వైపు చూశాడు. "ఎవురప్పా గెల్చినది? మనకు ఏ దేశమూ లేకపాయె గదా." నవ్వు రాలేదు నాకు. బీడీ కొనకుండానే ఇంటికొచ్చేశాను.

అంతలో కర్నూలు ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. అమ్మ కళ్లలో శుక్లాలు ముదిరిపోయాయని, ఇంకా ఆలస్యం చేస్తే ఆపరేషన్ చేసినా చూపు రాదని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. బుధవారం రమ్మన్నారు, కార్డుతో. నెట్ సెంటరుకు పోయి ఇంకో కార్డు తీసిమ్మన్నాను. నంబరు చెప్పమన్నాడు సెంటరాయన, అదెవరికి గుర్తు? అయితే వేలిముద్ర పెట్టించమన్నాడు. జీవితమంతా శనగ పీకీ, మిరపకాయలు తెంపీ అమ్మ వేళ్లు గాజుపెంకుల్లా నున్నబడ్డాయి. పోనీ కంటిపాప చూపిద్దామంటే దానికి అడ్డంగా పొర. ఆమె ఎవరో మెషీన్‌కు చెప్పగలిగింది ఆ కార్డు ఒక్కటే. అది బీరువాలో ఉంది. పెట్టించింది నేను.

మోటారు రీవైండింగుకని ఊళ్లో చెప్పి మండలాఫీసుకు పోయాను. వరండా బెంచీ మీద అంగడాయన కూర్చుని ఉన్నాడు. వియ్యంకుడి ఇంట్లో గృహప్రవేశమని పొద్దున నాతో చెప్పిన మనిషి.

"గృహప్రవేశం ఈడేనా?" అన్నాను.

"మోటారు యాడప్పా? జేబులో ఉండాదా?" అన్నాడు.

ఇద్దరం చెరో స్తంభం వైపు తిరిగి కూర్చున్నాం. నన్ను ముందు పిలిచారు. మూటకు చెదలు పట్టిందేమో చూసి పోదామని వచ్చానమ్మా అని మొదలుపెట్టాను. ఆమె పెన్ను మూసి నేను ముగించేదాకా ఎదురుచూసింది. ఇక కథ సాగక అమ్మ కళ్ల సంగతి చెప్పాను.

"ఎవరి కార్డు వాళ్లకే ఇస్తా. ఆమెనే రమ్మనండి."

"అమ్మా, వాన పడింది. మా దారిలో కుక్క గూడా నడవలేదు."

"ఆ సంగతి మీరు మూటతో పాటు బాగానే చెప్పినారు కదా," అని ఫైలు తీసుకుంది. నేను బయటికొచ్చేసరికి అంగడాయన బెంచీ మీద లేడు.

మంగళవారం అమ్మను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి దానికి రెండు వెదుళ్లు కట్టాం. పీర్ల చావిడి దాటకుండా మాకు వేరే దారి లేదు. పెద్దాయన అరుగు దిగి అడ్డంగా నిలబడ్డాడు.

"ఏమ్మా, ఎవురూ కార్డుకు పోకూడదని గదా ఒట్టు?"

ఆయన గొంతు వినిపించిన వైపు అమ్మ ముఖం తిప్పింది. "రోడ్డు ఏసినంక సూసేకి కండ్లు ఉండాల గదన్నా."

 ఆయన పక్కకు జరిగి, "మోసేకి ఎవురన్నా రాండి రా," అన్నాడు. నలుగురు ఒకేసారి ముందుకు దూకారు, అంగడాయన అందరికంటే ముందు. మా ఊళ్లో పాడె మోయడానికి కూడా అంత పోటీ నేను చూడలేదు. ఎందుకు దూకారో దారిలో అర్థమైంది. నలుగురూ తమ కార్డులకు పోయేవాళ్ల మాదిరి ఉతికిన చొక్కాలు వేసుకొచ్చారు.

మోకాలిదాకా దిగబడుతూ, రెండుచోట్ల కుర్చీతో సహా ఒరిగి, తారు రోడ్డు చేరాం. ఒకచోట కుర్చీ ఒరిగితే అమ్మ కాళ్లూ బురదలో దిగాయి. ఆఫీసు తెల్లబండల మీద మా నల్లటి అడుగులు గుమ్మం నుంచి బీరువాదాకా పడ్డాయి.

తహసీల్దారమ్మ కార్డు వెతికి తీసి, బొమ్మనూ అమ్మనూ చూసింది. బొమ్మలో అమ్మకు నల్లజుట్టు. "ఇది నువ్వేనా అవ్వా?"

"నాకేం కనపడతాది తల్లీ. నేనవునో కాదో నువ్వే సూసి చెప్పల్ల."

 తహసీల్దారమ్మ కళ్లు కిందికి పోయి అమ్మ పాదాల దగ్గర, ఆ నల్లటి బంక దగ్గర కొంచెంసేపు ఆగాయి. లేచి వచ్చి కార్డు అమ్మ అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. తర్వాత మోసుకొచ్చిన నలుగురి వైపు తిరిగింది. "మీకూ కావాలా?"

ఒకరినొకరు చూసుకున్నారు. ఏ ఒక్కడు చెయ్యి చాచినా మిగతా ముగ్గురూ సాక్షులు.

"మేం మోసేకి వచ్చినోళ్లం మేడం," అన్నాడు అంగడాయన.

ఆపరేషన్ బాగా జరిగింది, ప్రస్తుతానికి ఒక కంటికి. కట్టు విప్పగానే అమ్మ నన్ను చూసి, "ఇంత ముసలోడివైతివా!" అంది. ఆ వెంటనే, "రోడ్డు ఏసినారా?"

నా నోటికి ఆగడం చేతకాదు. "ఏసినారమ్మా. శానా బాగుంది. నల్లగా, అద్దం మాదిరి ఉండాది." ఇన్నేళ్లూ నేనేం చెప్పినా పోయి చూసుకునే కళ్లు ఆమెకు లేవు. ఇప్పుడు ఉన్నాయన్న సంగతి కొంచెం ఆలస్యంగా గుర్తొచ్చింది. ఆ రోజంతా ఆసుపత్రి వరండాలో ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాను. పెద్దాయనకు ఫోన్ చేశాను. కంకర లారీ ఒకటి వచ్చిందని, తారు రోడ్డు దగ్గరే కుమ్మరించి పోయిందని చెప్పాడు.

ఇంటికొచ్చే రోజు ఎండ బాగా కాసింది. బస్సు దిగి అమ్మ నల్ల అద్దాలు తీసి చూసింది. ఎండకు గట్టిపడి చీలికలు వేసిన రేగడి. మా అడుగుల గుంటలు అలాగే ఉన్నాయి. పక్కన కంకర కుప్ప మీద మేక ఒకటి నిలబడింది.

"అద్దమే రా నాయనా," అంది. "నువ్వు దాంట్లో బాగా కనపడతాండావు."

చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని ముందు నడిచింది. చావిడి దగ్గర ఆగి, కొంగుముడి విప్పి, కార్డు నా చేతిలో పెట్టింది. "కండ్లొచ్చినాయి. నాది గూడా మూటలో ఏసిరా. ఒట్టు ఒట్టే."

"ఇంకో కన్ను ఉండాది గదమ్మా?"

"దాని పొద్దుకు మళ్లీ మోస్తారులే."

అరుగు మీద పెద్దాయన విన్నాడు. అంగడాయన విన్నాడు. సరేనని జేబులో పెట్టుకున్నాను.

ఇంకా జేబులోనే ఉంది. నాది బీరువాలో, ఆమెది నా దగ్గర. మండలాఫీసు వైపు బస్సెక్కుతాను, మధ్యలో దిగిపోతాను. కుడి కంటికి తేదీ ఇంకా ఇవ్వలేదు, కంకర కుప్ప కదల్లేదు. రోజూ మధ్యాహ్నం అమ్మ గడపలో కూర్చుని ఆ ఒక్క కన్ను నా మీద పెట్టి అడుగుతుంది.

"ఇచ్చొచ్చినావా?"