ఎర్ర పెన్సిలుతో దిద్దిన ఉత్తరం

మా మేనమామ పోయారని మొన్న విరుదునగర్ నుంచి ఫోను వచ్చింది. నమ్మలేదు. అత్తకు చేసి, ఆమె ఏడుపు విన్నాకే కూలబడ్డాను. ఏ వార్తనైనా రెండో మనిషిని అడగందే నమ్మొద్దని నేర్పింది ఆయనే.

మామ ఒక తమిళ పత్రికకు ఫోను కంపెనీల వ్యాపార వార్తలు రాసేవారు. తొంభైలలో, కోవిల్పట్టిలో ఎస్టీడీ బూత్‌లు వీధికొకటి వెలిసినప్పుడు మొదలుపెట్టారు. సెల్‌ఫోన్లు వచ్చే వేళకు నేను ఆయన చేతికింద పని నేర్చుకుంటున్నాను. కంపెనీవాళ్లు పంపిన ప్రకటనను తడిగుడ్డలా రెండు వేళ్లతో పట్టుకుని, "ఇది వాళ్ల మాట పాపా. మన మాట యాడుండాది?" అనేవారు. అచ్చయ్యేదాకా ఏ వార్తా నాక్కూడా చెప్పేవారు కాదు. ఆ గుంభనం నాకు ఒళ్లుమంట.

ఒక సెల్ కంపెనీ విరుదునగర్‌లో విలేఖరులకు విందు పెట్టి, తలా ఒక ఫోను ఇచ్చింది. ఎప్పుడూ ఇలాంటివి తిప్పి పంపే మామ జేబులో మర్నాడు ఆ ఫోను కనిపించింది. వారమైనా కంపెనీ మీద ఒక్క ముక్క రాయలేదు. ఆఫీసుకు రావడమూ తగ్గించారు. ఆఫీసులో ఎవరైనా అడిగితే నవ్వేవారు. అమ్ముడుపోయారనుకున్నాను. ఎడమచేత్తో, పేరు లేకుండా, సంపాదకుడికి ఉత్తరం రాశాను.

తర్వాతి వారం వార్త పడింది. కోవిల్పట్టి నుంచి విరుదునగర్ దాకా దారంతా ఫోను పలుకుతుందన్నది కంపెనీ మాట. మామ టౌను బస్సుల్లో తిరుగుతూ, ఆ ఫోనుతోనే ప్రతి స్టాపులో ఇంటికి చేశారట. "ఇనపడుతుండాదా?" అంటే, మాట అందిన స్టాపు పేరు అత్త క్యాలెండర్ వెనక రాసుకుంది. అందులో లేని ఊళ్లన్నీ పేర్లతో సహా అచ్చయ్యాయి. ఫోను ఆ రోజే తిప్పి పంపేశారు.

సాయంత్రం, సంపాదకుడు ఇచ్చిన ఉత్తరాన్ని మామ నా ముందు పెట్టారు.

"ఎవురో నామీద శందేకపడి రాసినారు పాపా. శందేకం మంచిదే. రాసిన తీరే బాగలేదు, సూడు."

ఒకచోట "చూసింది ఎవరు?" అని, ఇంకోచోట "ఏ రోజు?" అని ఎర్ర పెన్సిలుతో దిద్దారు. సిగ్గుతో చచ్చిపోయాను. కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. రాసింది నేనేనని ఆయనకు తెలిసే ఉంటుంది. ఎవరినీ నిలదీయకుండా వదలని మనిషి, నన్ను మాత్రం ఏమీ అడగలేదు. మర్నాటి నుంచి బస్సుల్లో తనవెంట తిప్పుకున్నారు. ఈ ఉద్యోగంలో నాకు వచ్చిందంతా ఆ బస్సుల్లో నేర్చిందే.

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. చివర "ఆయన్నే అడిగారా?" అని రాసి, జవాబు కోసం కింద రెండు గీతలు గీసి వదిలారు. అవి ఇంకా ఖాళీగానే ఉన్నాయి.