శాలువ కప్పుకున్న తారు డబ్బా

వాల్తేరులో సాయంత్రం హౌరా మెయిలు ఎక్కేటప్పటికి నా చేతిలో రెండు తారు డబ్బాలున్నాయి. మా ఆఫీసు ఉత్తరాది కొండ రోడ్లకి పంపే తారు అది. కిందటి చలికాలంలో ఆ తారుతో వేసిన రోడ్డొకటి మంచుకి బీటలు వారింది. అక్కడ లారీ జారి కాలవలో పడితే, నడుపుతున్న మా పిన్ని కొడుకు రమణకి భుజం విరిగింది. బాగుపడగానే మళ్ళీ అదే రోడ్డు పనికి వెళ్ళాడు. తారు ఎంత చలికి పగులుతుందో చూసే పరికరం మా దగ్గర లేదు, జంషెడ్‌పూర్‌లో ఉంది. పిన్ని ఉండేదీ ఆ ఊళ్ళోనే. అందుకే నేను వెళ్తానని పట్టుబట్టాను.

ఎదురు బెర్తులో పలాస ఆవిడ డబ్బాలకేసి ఆశగా చూసి, "ఏటమ్మా, నెయ్యా?" అంది. తారు అన్నాను. ఆవిడ వెంటనే తన అరిసెల మూటని పై బెర్తుకి మార్చేసింది.

తెల్లవారుతుండగా ఖరగ్‌పూర్. అక్కడ దిగి జంషెడ్‌పూర్ స్టేషనైన టాటానగర్ వెళ్ళే బండి పట్టుకోవాలి. వెళ్ళదలచినవారు ప్లాట్‌ఫారం మీద పూరీ కూర వేడిగా ఉండగానే తినేయండి. ముందు స్టేషన్లలో నాకు టీ తప్ప ఏమీ దొరకలేదు. మధ్యాహ్నం టాటానగర్‌లో దిగి, మినీ బస్సులో బిష్టుపూర్, అక్కణ్ణుంచి ఆటోలో పిన్నివాళ్ళుండే కద్మా చేరాను. జనవరి చలి నేననుకున్నదానికి రెండింతలుంది. సముద్రం ఒడ్డువాళ్ళు స్వెట్టరు మరిచిపోకండి.

పిన్ని గుమ్మంలోనే నా చేతిలో డబ్బాలు అందుకుంది. బాబాయి టాటానగర్ లోకో షెడ్డులో డ్యూటీకి వెళ్ళాడు. అన్నం పెడుతూ ఏం పరీక్ష అని అడిగింది. పల్చటి ఉక్కు రేకు మీద తారు పూసి, చల్లబరుస్తూ వంచుతామని, ఏ చలికి పగులుతుందో చూస్తామని చెప్పాను. పిన్ని గరిటె గిన్నెలో వదిలేసింది.

"ఈసారి పగల్దు గదా?" అంది. చూస్తే గాని తెలియదన్నాను.

మర్నాడు పొద్దున తారు వాసనకి మెలకువ వచ్చింది. వంటింట్లో బొగ్గుల పొయ్యి మీద, మూత తీసి, ఒక డబ్బా. పక్కనే పీట మీద రెండో డబ్బా పిన్ని శాలువ చుట్టుకుని పెద్దమనిషిలా కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. పూయడానికి తారుని కాసేపు వెచ్చబెడతాం, అంతే. గంటల తరబడి కాస్తే గట్టిపడి పెళుసెక్కుతుంది.

పిన్ని నా మొహం చూసి, "సలికి పగుల్తాదని నువ్వే అన్నావు గదా. పరీచ్చకెళ్ళే పిల్లకి ఒళ్ళు ఎచ్చగుండాల గదేటి. రేత్తిరి ఈ సూల్హా పొయ్యి మీద ఒకటే పట్టింది. అక్కడ మన రమణోళ్ళు కూడా రేత్తిరంతా తారు పీపాలు మంట మీదే ఉంచుతారట," అంది.

కోపం ఎటు పోయిందో తెలియలేదు. రెండు డబ్బాలూ తీసుకుని పది గంటలకి ప్రయోగశాలకి వెళ్ళాను.

అక్కడి ఘోష్ బాబు నెమ్మదైన మనిషి. డ్రై ఐసు వేసిన స్పిరిట్‌లో తారు పూసిన రేకున్న గొట్టం దించి, నెమ్మదిగా చల్లబరుస్తూ, పిడి తిప్పి రేకుని వంచుతూ పోయాడు. శాలువ డబ్బాలోని తారు గట్టి చలికి కూడా చెక్కుచెదరలేదు, సున్నాకి చాలా కిందికి దిగాక గాని వెంట్రుకంత గీత కనపడలేదు. పొయ్యి డబ్బాలోని తారు మాత్రం సున్నాకి కాస్త కిందికి దిగగానే పుటుక్కున చీలింది. పాడైన తారుని ఎందుకు పరీక్షించమన్నానని ఆయన అడిగాడు. అప్పుడే పిన్ని మాట గుర్తొచ్చింది. రాత్రంతా మంట మీదే ఉంచుతారట. రోడ్డెందుకు పగిలిందో తెలిసింది. మళ్ళీ రమణ లారీ ఆ రోడ్డు మీదే నడుస్తోంది.

సాయంత్రం పిన్నికి ఉన్నదున్నట్టు చెప్పాను. తారు మంచిదే, రాత్రి మంటే దాన్ని చెడగొడుతోందని, ఆ మంట ఆర్పించాలని. మంచి వార్తే గాని, పిన్ని మొహంలో వెలుగు రాలేదు. సరేనని తలూపి పప్పు రుబ్బుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం టాటానగర్ స్టేషన్లో బాబాయి నాకు బండిలో కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టాడు. పిన్ని గారెల పొట్లం ఇచ్చి, తన శాలువ నా ఒళ్ళో పడేసింది. వద్దంటే వినలేదు. కిటికీ ఊచ పట్టుకుని, రాత్రంతా దాచుకున్న మాట అప్పుడు చెప్పింది.

"తారు కింద మంట ఆర్పీమని రాయి, తప్పదు. కానీ ఆ మంట దగ్గిరే పనిసేసే కుర్రోళ్ళు సలి కాసుకుంటారట. రమణ సెప్పినాడు. పక్కన ఆళ్ళకి ఇంకో మంట ఏయించమని కూడా రాయమ్మా."

రాస్తానన్నాను. బండి కదిలేదాకా ఊచ వదల్లేదు.

శాలువకి తారు వాసన పట్టేసింది. పక్కావిడ ముక్కు మూసుకున్నా సరే, ఖరగ్‌పూర్ దాకా అదే కప్పుకుని కూర్చుని నివేదిక రాశాను. ఆ ఊరు నాకు ఉక్కుతో కంటే పిన్ని వంటింటి పొయ్యితోనే గుర్తుంటుంది. నివేదిక చివర రెండు సిఫారసులు: రాత్రిపూట తారు పీపాల కింద మంట ఉంచరాదు. పనివాళ్ళు చలి కాచుకోవడానికి విడిగా మంట ఏర్పాటు చేయాలి. రెండోదానికి పరీక్ష ఫలితం ఎక్కడుందని పైవాళ్ళు అడుగుతారు. అడగనీ అనుకుని, కింద సంతకం పెట్టాను.