ఈ రక్తం మీదేనా?

ల్యాబు టెక్నీషియన్ అచ్యుతరామయ్య రోగుల రక్తం దాచి అమ్ముకుంటారన్నది అబద్ధం. పత్రికలవాళ్ళకు తారల రహస్యాలు మోస్తారన్నదీ అబద్ధమే. ఒక హీరో రిపోర్టు తొక్కిపెట్టి సినిమాలో వేషం అడిగారన్న మూడో మాటను విచారించమని ల్యాబు యజమాని నన్ను కోరారు. ఇరవయ్యేళ్ళుగా పొరుగువాణ్ణి గనుక ఆయన అసలు జబ్బు నాకు తెలుసు: అనుమానం.

ఫిల్మ్‌నగర్‌లోని ఆ ల్యాబులో ఆయన సూది గుచ్చి, ట్యూబు నిండుతుండగానే, "ఈ రక్తం మీదేనా?" అని అడిగేవారు. బోరబండ నుంచి వచ్చిన బాలమణి అనే ముసలామె ఒకసారి, "కాదు బిడ్డా, పక్కింటోళ్లది. జర అడిగి తెచ్చుకున్న" అన్నది. ఆయన నవ్వలేదు, పక్కింటివారి పేరు అడిగారు. నన్నూ వదల్లేదు. పాత పరిచయం గుర్తుచేస్తే, మనిషి తెలిసినంత మాత్రాన రక్తం తెలిసినట్టు కాదన్నారు.

2005లో, హైటెక్ సిటీ కంపెనీలు ఉద్యోగులను బస్సులకొద్దీ వైద్యపరీక్షలకు పంపుతున్న రోజుల్లో, ఒక యువ హీరో బీమా పరీక్షకు వచ్చాడు. టోపీ, నల్ల కళ్ళద్దాలు. మామూలు ప్రశ్నకు తల ఊపి వెళ్ళిపోయాడు. హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలింది. రిపోర్టు కోసం ప్రొడక్షన్ మేనేజర్ ఆదినారాయణ వస్తే, మనిషే రావాలన్నారు అచ్యుతరామయ్య. మర్నాడు హీరో మండిపడుతూ వచ్చాడు. ఈయన అతని మోచేతులు చూశారు. మొన్న రక్తమిచ్చిన మోచేతులు చెక్కుకుపోయి ఉన్నాయి, ఇవి వెన్నముద్దలు.

మళ్ళీ తీసిన రక్తంలో ఏ దోషమూ లేదు. సూదంటే భయపడే హీరో మొదటిసారి తన డూప్‌ను పంపాడు. గోడలు దూకేది అతనే అయినప్పుడు ఇదీ అతని పనే గదా.

"అయిపోయింది గదండీ, పాతది చింపేయండి," అన్నాడు ఆదినారాయణ.

"చింపితే ఆ రక్తం ఎవరిది?"

"ఎవడిదైతే మీకెందుకండీ?"

ఆదినారాయణ ఆ డూప్ పేరు చెప్పలేదు సరికదా, వేషం కథ పుట్టించింది కూడా అతనే. జబ్బున్నవాడికి మాత్రం జబ్బు సంగతి తెలియదు. వేళకు మందు పడకపోతే ప్రాణం దక్కదు.

తరవాత పదకొండు ఉదయాలు అచ్యుతరామయ్య కృష్ణానగర్‌లో షూటింగ్ బండ్ల కోసం నిలబడేవాళ్ళ మోచేతులు పరిశీలించారు. "మోచేతుల సారొచ్చిండు, చేతులు కడుక్కోండ్రి" అని వాళ్ళు నవ్వుకునేవారు. పన్నెండోనాడు రహమత్ నగర్ యువకుడొకడు ఆయన్ను చూసి చొక్కా చేతులు కిందికి లాక్కున్నాడు. అనుమానానికి అంతకంటే ఏం కావాలి?

అతన్ని క్రాంతికుమార్ అందాం. అసలు పేరు రాయను, ఈ సంగతీ అతని అనుమతితోనే రాస్తున్నాను. విడిగా కూర్చోబెట్టి విషయం చెప్పి, కొత్తగా రక్తం తీస్తూ ఆయన మళ్ళీ అదే ప్రశ్న అడిగారు.

"రక్తం నాదే సార్," అన్నాడతను. "ఆనాడు పేరే నాది గాదు."

మూడు వేర్వేరు పరీక్షల్లోనూ హెచ్‌ఐవీ తేలింది. ఒక దొంగ దొరికితే రెండోవాడి కోసం వెదకడం అచ్యుతరామయ్యకు అలవాటు. అందుకని క్రాంతికుమార్‌ను ఒప్పించి హెపటైటిస్ బి కూడా చూశారు. అదీ ఉంది. రెండూ ఒకే దారుల్లో వస్తాయి. హెచ్‌ఐవీనే దృష్టిలో పెట్టుకుని మందిస్తే రెండోది కాలేయంలో మొండికేస్తుంది. డాక్టరు రెండింటికీ పనిచేసే మందులు ఎంచి రాశారు. క్రాంతికుమార్ ఇప్పుడు కొత్త ఫైటర్లకు గోడ దూకడం నేర్పుతున్నాడు.

విచారణ కాగితం మీద సంతకం చేసి ఇచ్చాను. అచ్యుతరామయ్య దాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసి, "ఈ సంతకం మీదేనా?" అన్నారు.

నాదే. దాని పైన రాసింది ఇది: అచ్యుతరామయ్య వేషం అడగలేదు. ఒక రిపోర్టును దాని మనిషికి చేర్చారు.