రూతమ్మ టీచరు పట్టిన ఎద్దు

మొన్న ఎదురింటివాళ్లు జంపఖానా దులుపుతుంటే ఆ దుమ్మువాసన మా వసారాలోకి కొట్టింది. చేతిలో పని వదిలేసి అలాగే కూర్చుండిపోయాను. ఆ వాసన తగిలితే నాకు రూతమ్మ టీచరు గుర్తుకొస్తుంది. ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన కొత్తలో ఆళ్లగడ్డలో మాకు మూడో తరగతి చెప్పింది. సన్నగా, పొట్టిగా ఉండేది. పాఠం చెబితే వెనక వరుసకు సరిగా వినపడేది కాదు. అందుకే ఆమె చేసిన పని గురించి చెబితే, ఆమెను ఎరగనివాళ్లు ఓ పట్టాన నమ్మరు.

ఊళ్లో ఒక పెద్దాయన బండలాగుడు పందాలకు ఎద్దును పెంచేవాడు. కొండంత మూపురం, ఎర్రటి కళ్లు. అప్పటికే అది కొందరిని కుమ్మింది. ఎవరైనా అడగబోతే, "దాని దావలోకి మీరెందుకు పోతిరి?" అనేవాడు. ఆ తర్వాత అడిగినవాళ్లు లేరు.

ఒక సంతరోజు అది పలుపు తెంచుకుంది. కుండలు తొక్కింది, కూరగాయల గంపలు కొమ్ములతో ఎగరేసింది. వంకాయలమ్మే నాగమ్మను తొడలో పొడిచి పడేసింది. కర్రలున్న మగవాళ్లు కూడా, కొడితే పెద్దాయన ఏం చేస్తాడోనని వెనక్కి తగ్గారు. జనం కేకలకు బెదిరి అది మా బడి సందులోకి మళ్లింది.

మేము బడి వసారాలో జంపఖానా మీద కూర్చుని ఎక్కాలు చదువుతున్నాం. టీచరు మమ్మల్ని గదిలోకి నెట్టేసింది. ఆ తలుపుకు గడియ లేదు. అందుకే తాను బయటే ఉండిపోయింది. కిటికీలోంచి చూశాను. జంపఖానాను రెండు చేతులా ఎత్తి పట్టుకుని, ఎద్దు మీదికి రాగానే దాని తలమీద విసిరింది. అది కొమ్ములకు చిక్కుకుని ఎద్దు కళ్లు కప్పేసింది. ఎద్దు తల విదిలిస్తూ, అంచు వదలని టీచరును వసారా స్తంభందాకా ఈడ్చుకుపోయింది. ఆమె చెయ్యంతా గీరుకుపోయింది. దారి కనపడక ఎద్దు రొప్పుతూ ఆగింది.

"పగ్గాలు తేండప్పా! చూస్తాండారేందీ!"

ఆమెకు అంత గొంతు ఉందని అప్పుడే తెలిసింది. మగవాళ్లు పరుగున వచ్చి ఎద్దును స్తంభానికి కట్టేశారు. సంతలో నాగమ్మ పడిపోయిన సంగతి వాళ్లే టీచరుకు చెప్పారు.

కాసేపటికి పెద్దాయన జీపులో దిగాడు. "నా ఎద్దును కట్టేసేంత మొనగాళ్లు ఎవరప్పా? ఇప్పండి."

"ఇప్పుతారు. ముందు నాగమ్మను మీ జీపులో నంద్యాల ఆసుపత్రికి పంపీండి," అంది టీచరు.

"నువ్వు నాకు చెప్తాండావా?"

"ఆమెకు నెత్తురు పోతాంది. జీపు కదిలినాకనే ఎద్దు కదుల్తాది."

పగ్గం పట్టిన ఒకాయన వచ్చి టీచరు పక్కన నిలబడ్డాడు. తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత అందరూ. పెద్దాయన వాళ్లను తేరిపార చూసి, డ్రైవరు వైపు తిరిగి, "తీసుకపో," అన్నాడు.

నాగమ్మ బతికింది. కుంటుతూనే మళ్లీ సంతలో కూర్చుంది. ముకుతాడు, ఇద్దరు మనుషులు లేకుండా ఆ ఎద్దు ఇక వీధిలోకి రాలేదు.

నర్సు చదువుకు బయల్దేరే ముందు టీచరును చూడబోయాను. "ఎద్దును చూసి భయం కాలేదా టీచర్?" అని అడిగాను.

"భయపడే టైము యాడిదిమ్మా? ఆయప్ప జీపు దిగినాకనే భయమైంది. బడి మూయిస్తాడేమోనని శానా దినాలు నిద్ర పట్టలే," అంది.

తర్వాత ఆ నంద్యాల ఆసుపత్రిలోనే ఉద్యోగం చేశాను. పలుకుబడి ఉన్నవాళ్లు తమవాళ్లను ముందు చూడమని గద్దించినప్పుడు, నెత్తురు కారుతున్న మనిషి పక్కనే నిలబడి, "ఈమె అయినాక," అనేదాన్ని. నాకూ భయమయ్యేది. కానీ అక్కణ్ణుంచి కదల్లేదు.